మాటల భిక్షగాడు, బూడిదరంగు పిల్లి

మన తాతల తాతలకు తాతలు కూడా ఇంకా పుట్టని రోజుల్లో, సముద్రానికి ఎంతో దూరాన కంకణపురం అనే ఊరుండేది. ఆ ఊరికి మణిధరుడు రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వీరాంగుడు, మాట్లాడితే సభలో స్తంభాలు అదిరేవి. రెండోవాడు శుభాంగుడు, మాట్లాడితే పాట పాడినట్టుండేది. మూడోవాడు హేమాంగుడు. అతను మాట్లాడితే ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు. ఎందుకంటారా? రోజూ పొద్దున్నే రాజుగారు కొడుకులను కూర్చోబెట్టుకుని కబుర్లు అడిగేవాడు. పెద్దవాడు చెప్పేవాడు, చెప్పేవాడు. రెండోవాడు చెప్పేవాడు, చెప్పేవాడు. మూడోవాడి వంతు వచ్చేసరికి రాజుగారికి ఆవులింతలు వచ్చేవి.

"రేపు విందాంలే నాయనా" అని లేచిపోయేవాడు. ఆ రేపు ఎన్నడూ రాలేదు.

తల్లి అతని చిన్నతనంలోనే పోయింది. ఆమె పాడిన జోలపాట ఒక్కటి మాత్రం గుర్తుండిపోయింది. అన్నలకు వేట, కత్తిసాము. దాసీలకు వాళ్ళ పనులు. ఇక ఆ పిల్లవాడు తన మాటలు ఎవరికి చెప్పుకుంటాడు?

ఒక వానాకాలం చల్లారిన వంటశాల పొయ్యిలో ఒక పిల్లికూన దొరికింది. ఒళ్ళంతా బూడిద. కడిగి చూస్తే రంగు కూడా బూడిదే. దానికి బూడిద అనే పేరు పెట్టి, ఒళ్ళో పెట్టుకుని పెంచాడు హేమాంగుడు. తన మాటలన్నీ దానికే చెప్పేవాడు. అది అటు తిరిగి కూర్చుని పంజా నాక్కునేది, కానీ ఒక చెవి మాత్రం ఇటు తిప్పి ఉంచేది. అతను సంతోషం చెబితే తోక కొస ఆడేది. దుఃఖం చెబితే వచ్చి మోకాలి మీద తల ఆనించేది.

"దీనికి నా మాట అర్థమవుతుంది అన్నయ్యా" అన్నాడొకసారి.

"నీ చేతిలో పాలగిన్నె అర్థమవుతుందిరా" అని నవ్వాడు వీరాంగుడు. సభంతా నవ్వింది.

అలా ఏళ్ళు గడిచాయి. హేమాంగుడు పెద్దవాడయ్యాడు.

ఒకనాడు కంకణపురానికి ఒక భిక్షగాడు వచ్చాడు. నల్లటి శాలువా, చేతిలో మూతపెట్టిన రాగిచెంబు. వీధి వీధీ తిరుగుతూ అడిగాడు.

"బియ్యం వద్దు తల్లీ, బట్టలు వద్దు తల్లీ. ఒక్క మాట భిక్ష వెయ్యండి. ఏ మాటైనా సరే."

జనం ఫక్కున నవ్వారు. ఇంతకంటే చవకైన దానం ఏముంటుంది? ఒకామె "ఉప్పు" అంది. ఒకాయన "ఎద్దు" అన్నాడు. ఒక తల్లి చంకలోని పసివాడు "అత్త" అన్నాడు. భిక్షగాడు చెంబు మూత తీసి ఒక్కొక్క మాటా పట్టుకున్నాడు. కోటలోకీ వచ్చాడు. వీరాంగుడు "జయం" అన్నాడు. శుభాంగుడు "రాగం" అన్నాడు. మణిధర మహారాజు నవ్వుతూ "శుభం" అన్నాడు. భిక్షగాడు మూత బిగించి, అందరికీ దండం పెట్టి, చెరువుగట్టు దిగి వెళ్ళిపోయాడు.

ఆ వేళ హేమాంగుడు ధాన్యపు కొట్టు అటక మీద ఉన్నాడు. బూడిద ఎలకను తరుముతూ బస్తాల వెనక ఇరుక్కుంటే, దాన్ని బయటికి తీస్తున్నాడు. కిందికి దిగి వచ్చేసరికి కోటలో చప్పుడు లేదు. దాసీలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. నోళ్ళు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఇచ్చింది ఒక్క మాటే కానీ, ఆ మాట వెంట గొంతంతా పోయింది.

వచ్చినవాడు గళగ్రాహి అనే మాంత్రికుడని అప్పటికి ఎవరికీ తెలియదు.

మాట పోతే ఏముంది, సైగలతో బతకలేమా అనుకున్నారు మొదట. కానీ బతుకు ఎక్కడెక్కడ మాట మీద నిలబడి ఉందో అది పోయాకే తెలుస్తుంది. గుడిసెల వీధిలో నిప్పంటుకుంది. కాపలావాడు చూశాడు, కేక రాలేదు. వాడు పరుగెత్తి ఒక్కొక్క తలుపూ తట్టేసరికి వీధి సగం బూడిదైంది. నీలవేణి అనే చాకలామె చంటిబిడ్డ పాకుతూ బావి వైపు వెళ్ళాడు. గిలక దగ్గర నలుగురు ఆడవాళ్ళున్నారు, అటు తిరిగి. ఆమె నోరు తెరిచింది. కేక రాలేదు. బిడ్డ ఏడుపూ రాలేదు. నీటి చప్పుడు ఒక్కటే వచ్చింది.

ఊరంతటికీ గొంతున్నవాడు హేమాంగుడు ఒక్కడే. ఇన్నాళ్ళూ అతని మాట వినేవాళ్ళు లేరు. ఇప్పుడు అందరూ వినడానికి సిద్ధమే, అతని దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. వీధుల్లో తిరుగుతూ తన అడుగుల చప్పుడు తనే వినేవాడు.

పెద్దవాడు గుర్రమెక్కి ఆ భిక్షగాణ్ణి వెతకడానికి వెళ్ళాడు. కొన్నాళ్ళకు గుర్రం ఒక్కటే తిరిగొచ్చింది, జీను మీద ఉప్పు గడ్డకట్టి ఉంది. రెండోవాడు వెళ్ళాడు. అతని గుర్రమూ అలాగే వచ్చింది. దాన్ని చూసి రాజు మంచం పట్టాడు.

హేమాంగుడు తండ్రి మంచం పక్కనే కూర్చుని కబుర్లన్నీ చెప్పాడు. ఇన్నేళ్ళుగా చెప్పనివన్నీ చెప్పాడు. రాజు ఒక్కసారి కూడా ఆవులించలేదు. కళ్ళార్పకుండా విన్నాడు. చివరి రోజున కొడుకు చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయాడు. పెదవులు కదిలాయి. చాలాసేపు కదిలాయి.

"ఏమిటి నాన్నగారూ? మళ్ళీ చెప్పండి. నెమ్మదిగా చెప్పండి" అని చెవి నోటి దగ్గర పెట్టాడు హేమాంగుడు. ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. కాసేపటికి ఆ ఊపిరీ ఆగిపోయింది.

తండ్రి ఏం చెప్పాడో ఇక ఎప్పటికీ తెలియదు. కొరివి పెట్టి వచ్చి, చల్లారిన పొయ్యి పక్కన కూలబడి, "బూడిదమ్మా, నాకింక ఎవరూ లేరే" అన్నాడు. పిల్లి వచ్చి మోకాలి మీద తల ఆనించింది.

దాన్ని సంచిలో భుజాన వేసుకుని, గుర్రాలు వచ్చిన దారినే బయల్దేరాడు. అడవులు దాటాడు. ఎడారులు దాటాడు. చివరికి సముద్రం ఒడ్డుకు చేరాడు. అక్కడ ఇసకలో కొండలాంటి తాబేలొకటి పడుకుని ఉంది.

"ఎవరు నాయనా నువ్వు?" అంది తాబేలు.

"కంకణపురం రాకుమారుణ్ణి తాతా. మాటలు దొంగిలించిన భిక్షగాణ్ణి వెతుకుతున్నాను."

తాబేలు నిట్టూర్చింది. "నీ గొంతు వినడానికి హాయిగా ఉంది. నీకు ముందు ఇద్దరొచ్చారు. అచ్చం నీ పోలికే. 'ఎక్కడికి నాయనా, దాటించమంటారా' అని ఇద్దరినీ అడిగాను. నోరు తెరిచారు, జవాబు చెప్పలేదు. నోటితో అడగనివాణ్ణి మోయకూడదని నాకు నియమం. అలలకు ఎదురు నడిచారు. మెడదాకా నడిచారు. ఆ తర్వాత కనపడలేదు."

అన్నలు రాక్షసులతో పోరాడి చావలేదు. "దాటించు" అనే ఒక్క మాట నోట రాక చచ్చిపోయారు. అతను ఇసకలో పడి ఏడ్చాడు.

ఏడ్చినంతసేపూ ఆగి, అప్పుడు చెప్పింది తాబేలు. "వాడు గళగ్రాహి అనే మాంత్రికుడు, ఉండేది ఏడు సముద్రాల అవతల మూగదీవిలో. వాడి ప్రాణం వాడి ఒంట్లో లేదు. ఒక చిలకలో దాచుకున్నాడు. ఆ చిలకకు పండ్లు అక్కర్లేదు, మనుషుల మాటలే మేత. మేత ఉన్నంతకాలం దానంతట దానికి చావు రాదు, అది చస్తేనే వాడు చచ్చేది. రెండు సముద్రాలు నేను దాటిస్తాను. నేను పుట్టి వెయ్యేళ్ళయింది, ఒక్కసారి కూడా నవ్వలేదు. నీ నవ్వు నాకిస్తావా?"

"నాకిక నవ్వుతో పనేముంది తాతా? తీసుకో" అన్నాడు. నవ్వు పోయింది. పోయినట్టు కూడా తెలియలేదు.

తాబేలు వీపు మీద కూర్చుని రెండు సముద్రాలు దాటుతున్నంతసేపూ పిల్లికి చెబుతూనే ఉన్నాడు. "విన్నావా బూడిదమ్మా? చిలకట. చిలకలో ప్రాణమట." పిల్లి అలలను చూసి ముడుచుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. విన్నదో లేదో తెలియలేదు.

రెండు సముద్రాల అవతల రాతిగుట్ట మీద గండభేరుండ పక్షి ఉంది. దానికి రెండు తలలు. ఒక తల నిద్రపోదామంటే రెండో తల పోట్లాడేది. రెండోది పడుకుంటే మొదటిది పొడిచేది. పుట్టినప్పటి నుంచి దానికి కంటి మీద కునుకు లేదు.

"నువ్వు ముందు నోర్ముయ్" అంది ఎడమ తల.

"నువ్వే ముయ్" అంది కుడి తల. తర్వాత రెండూ అతని వైపు తిరిగి, "మమ్మల్ని నిద్రపుచ్చే పాట ఏమన్నా ఉందా నీ దగ్గర? ఇస్తే మూడు సముద్రాలు దాటిస్తాం" అన్నాయి.

అతని దగ్గరున్నది ఒక్కటే పాట. అమ్మ పాడిన జోల. దాన్ని ఒక్కసారి చివరిదాకా పాడాడు. చివరి చరణం అయ్యేసరికి మొదటి చరణం మర్చిపోయాడు. పాట పక్షిదైపోయింది. అమ్మ ముఖం అంతకుముందే గుర్తులేదు, ఇప్పుడు అమ్మ గొంతు కూడా లేదు. పక్షి అతన్ని మోసుకుని మూడు సముద్రాలు దాటించి, ఒక తిన్నె మీద దింపి, రెండు తలలూ రెక్కల్లో పెట్టుకుని హాయిగా నిద్రపోయింది.

ఇంకా రెండు సముద్రాలున్నాయి. ఆ తిన్నె పక్కన నీళ్ళలో ఒక తల్లి తిమింగిలం తిరుగుతోంది. దాని పక్కన ఒక పిల్ల. తల్లి పిలుస్తుంటే పిల్ల పలకదు.

"నా బిడ్డ పుట్టుమూగ బాబూ" అంది తల్లి. "చీకటి నీళ్ళలో తప్పిపోతే పిలిచినా పలకలేదు. ఎప్పుడో ఒకరోజు ఏ సొరచేప నోటనో పడుతుంది. నీ మాట దానికిస్తే, నిన్ను ఆ దీవికి చేరుస్తాను."

హేమాంగుడికి నీలవేణి బిడ్డ గుర్తొచ్చాడు. ఊరి కోసం వచ్చినవాడు మాట లేకుండా ఆ దీవిలో ఏం చేస్తాడు? కానీ దాటడానికి వేరే దారి లేదు. సరేనని తలూపాడు.

"ఆఖరుసారి ఎవరికైనా చెప్పుకోవలసింది ఉంటే చెప్పుకో బాబూ" అంది తిమింగిలం.

ఉన్నది బూడిద ఒక్కటే. దాన్ని రెండు చేతులతో ఎత్తి ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు. ఏం చెప్పాలో ఆలోచించుకునే ఉన్నాడు. దీవిలో ఇలా నక్కి ఉండు, చిలక కనిపిస్తే ఇలా దూకు, ఇలా పట్టు అని వరసగా చెప్పాలి. నోరు తెరిచాడు.

"నాకు భయంగా ఉందే బూడిదమ్మా" అన్నాడు. "నన్నొదిలి పోకే."

అంతే. గొంతు వెళ్ళిపోయింది. నీళ్ళలోంచి ఆ గొంతే "అమ్మా!" అని పిలిచింది. తల్లి తిమింగిలం ఆనందంతో నీటిని చిమ్మి ఎగిరింది. హేమాంగుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉండిపోయాడు. ఉన్న ఆఖరి మాటలు కూడా పనికిరాని మాటలైపోయాయి.

మూగదీవిలో చెట్లున్నాయి, పిట్టల కూత లేదు. నడుమ నల్లరాతి మేడ. ఒడ్డున అడుగుపెట్టగానే గళగ్రాహి ఎదురొచ్చాడు. చెంబు మూత తీసి, "ఒక్క మాట భిక్ష వెయ్యి బాబూ" అన్నాడు. అది మణిధర మహారాజు గొంతు.

తండ్రి గొంతు ఆ నోట విని హేమాంగుడు నాన్నగారూ అని పిలవబోయాడు. పెదవులు కదిలాయి. చెంబులో ఏమీ పడలేదు. మాంత్రికుడు చెంబును తలకిందులు చేసి చూసి మండిపడ్డాడు.

"థూ! గొంతు లేని గొడ్డు!" అన్నాడు, ఈసారి వీరాంగుడి గొంతుతో. కాళ్ళకు గొలుసు వేసి, తోటకు నీళ్ళు మోయమన్నాడు. అప్పుడు సంచిలోంచి తల బయటపెట్టిన పిల్లిని చూశాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. గళగ్రాహి దగ్గర వేల గొంతులున్నాయి. వాడు పొద్దస్తమానం మాట్లాడేవాడు. కానీ ఆ దీవిలో వినేవాళ్ళు లేరు. చిలక ఉందంటే, అది అన్న మాటే తిరిగి అంటుంది కానీ విన్నది దానికి తెలియదు. తెల్లకోట రాజు కూతురు చెంగలువను గొంతు లాక్కుని తెచ్చి, చిలకకు మేత వేసే పనిలో పెట్టాడు. ఆమె వాడి వైపు కన్నెత్తి చూడదు. అందుకని వాడు తోచక పిల్లితో "ఏమే, ఎక్కడి నుంచి వచ్చావు?" అన్నాడు.

బూడిద ఒక చెవి వాడి వైపు తిప్పింది.

"ఆహా, ఇది నా మాట వింటోంది!" అని పొంగిపోయాడు మాంత్రికుడు. "రా, రావే."

బూడిద సంచిలోంచి దిగింది. హేమాంగుడి కాళ్ళ పక్క నుంచే, తోక నిటారుగా ఎత్తుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళి మాంత్రికుడి పాదాలకు ఒళ్ళు రాసుకుంది.

ఆనాటి నుంచి అది వాడి ఒళ్ళోనే. వెండిగిన్నెలో పాలు, పట్టు పరుపు. వాడు చెప్పేవాడు, అది వినేది. వాడు సంతోషం చెబితే తోక కొస ఆడేది. విసుగు చెబితే మోకాలి మీద తల ఆనించేది. హేమాంగుడు కావడి మోస్తూ ఆ అరుగు ముందు నుంచి వెళ్ళేవాడు. అది అతని వైపు చూసేది కాదు.

మాంత్రికుడు వెర్రివాడేమీ కాదు. చిలకకు పిల్లి ఎలాంటిదో వాడికీ తెలుసు. అందుకే మూడుసార్లు పరీక్ష పెట్టాడు. మొదటిసారి చిలక ఈకనొకదాన్ని దాని ముక్కు ముందు ఆడించాడు. అది తుమ్మి, కళ్ళు మూసుకుంది. రెండోసారి చిలక పంజరాన్ని దాని పక్కనే పెట్టి తలుపు చాటు నుంచి చూశాడు. అది వీపు తిప్పి ఎండలో పడుకుంది.

మూడోసారి హేమాంగుణ్ణి అరుగు ముందు నిలబెట్టాడు. చేతిలో చింతబరికె.

"వీడు నీకేమవుతాడే? నీ యజమానా?" అని పిల్లిని అడిగి, బరికెతో కొట్టాడు. చర్మం చిట్లింది. "చెప్పవే, ఏమవుతాడు?" మళ్ళీ కొట్టాడు. మోకాళ్ళ మీద పడిపోయేదాకా కొట్టాడు. హేమాంగుడికి కేక లేదు. అతను పిల్లినే చూస్తున్నాడు. ఒక్కసారి చూస్తే చాలు, ఒక్క చెవి తిప్పితే చాలు.

బూడిద నోరంతా తెరిచి ఆవులించింది. అటు తిరిగి పంజా నాక్కుంది.

"శభాష్! పాలు పోసినవాడిదే పిల్లి!" అని పగలబడి నవ్వాడు మాంత్రికుడు.

అన్నయ్య ఆనాడు చెప్పిందే నిజం అనుకున్నాడు హేమాంగుడు. దానికి ఎప్పుడూ ఏమీ అర్థం కాలేదు. ఇన్నేళ్ళూ నేను గోడతో మాట్లాడాను. అమ్మ పాట ఇచ్చేశాను, నవ్వు ఇచ్చేశాను, గొంతు ఇచ్చేశాను. ఆఖరికి ఒక పిల్లిని తీసుకొచ్చి మాంత్రికుడికి ఆడుకోవడానికి ఇచ్చాను. ఊళ్ళో వాళ్ళు నా కోసం ఎదురుచూస్తూ ఉంటారు. ఎంత కాలమని చూస్తారు?

ఆ రోజు అతను అన్నం ముట్టలేదు. మరునాడూ ముట్టలేదు. చెంగలువ వచ్చి గాయాలకు పసుపు అద్దింది. ఆమె కళ్ళలో నీళ్ళు చూశాడు. ఆమె ఏదో చెప్పాలనుకుంది. అతనూ ఏదో చెప్పాలనుకున్నాడు. ఇద్దరి మధ్యా మాట లేదు. అతను బావి వైపు చూశాడు. అందులో పడిపోతే బాగుండుననుకున్నాడు. చెంగలువ అతని చూపు పట్టుకుని, చేద తాడు తీసి తన నడుముకు చుట్టుకుంది. అతనికి బావి దగ్గర పని లేకుండా, తిరిగి ఇవ్వలేదు. నీళ్ళు కావలసినప్పుడల్లా తనే వచ్చి తోడిపెట్టేది.

అలా ఎన్నాళ్ళో గడిచాయి.

ఒక పొద్దున్న ఎండ బాగా కాసింది. మాంత్రికుడికి హుషారెక్కింది. పంజరం తెరిచి చిలకను మణికట్టు మీద ఎక్కించుకుని, అరుగు మీదకు వచ్చాడు. పిల్లిని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు.

"నీకు చెప్పని రహస్యం నాకేముందే?" అన్నాడు. "ఇదిగో, ఇదే నా ప్రాణం."

"నా ప్రాణం, నా ప్రాణం" అంది చిలక.

బూడిద పంజా నాకడం ఆపింది.

హేమాంగుడు కావడి దించి తలెత్తాడు. అంతవరకు ఒక్కసారీ చూడని పిల్లి అతని వైపు చూసింది. రెప్పపాటు సేపు చూసింది. మరుక్షణం చిలక దాని నోట్లో ఉంది. మాంత్రికుడు పిల్లి వీపు పట్టుకుని చీల్చాడు, గోళ్ళతో రక్కాడు, అరుగుకేసి కొట్టాడు. అది నోరు తెరవలేదు. చిలక మెడ విరిగిన చప్పుడైంది. మాంత్రికుడు పట్టు వదిలి, కూర్చున్నచోటే ఎండుకొమ్మలా ఒరిగిపోయాడు.

రాగిచెంబు పగిలింది. గొంతులన్నీ తేనెటీగల్లా బయటపడ్డాయి. దారి తెలిసిన గొంతులు సముద్రం మీదుగా పోయాయి. చచ్చిపోయినవాళ్ళ గొంతులు మాత్రం ఎక్కడికి పోవాలో తెలియక మేడ చుట్టూ తిరిగాయి. అందులో ఒకటి దగ్గరగా వచ్చి, "నాయనా, హేమాంగా!" అని ఒక్కసారి పిలిచింది. తర్వాత గాలిలో కలిసిపోయింది.

బూడిద కుంటుకుంటూ అరుగు దిగి వచ్చింది. ఒక కన్ను పోయింది, వీపంతా నెత్తురు. నోట్లోని పచ్చటి ఈకలు అతని పాదాల దగ్గర వదిలింది. అతను నేల మీద పడి, రెండు చేతులతో దాన్ని గుండెకు హత్తుకుని ఏడ్చాడు. పొరబడ్డానని చెప్పడానికి మాట లేదు. తప్పైందని చెప్పడానికి మాట లేదు. అది అతని అరచేతి కిందికి తల దూర్చింది.

చెంగలువ గొంతు ఆమెకు తిరిగొచ్చింది. ఆమె మొదట అన్న మాట, "అయ్యో, దాని కన్ను!"

గొలుసు తెంపుకుని ముగ్గురూ ఒడ్డుకు వచ్చారు. తల్లి తిమింగిలం ఎదురొచ్చి, ఏడు సముద్రాలూ తానే దాటిస్తానని వీపు మీద ఎక్కించుకుంది. ప్రయాణమంతా పిల్ల తిమింగిలం పక్కనే ఈదుతూ వాగుతూనే ఉంది. "అమ్మా, ఆ పిల్లికి ఈత వచ్చా? అమ్మా, ఆయన ఎందుకు మాట్లాడడు?" ఆ గొంతు హేమాంగుడిది. తన గొంతు తనకే ఇంత బాగుంటుందని అతనికి ఎన్నడూ తెలియలేదు.

తల్లి తల వంచి అంది. "నువ్వు వచ్చిన పని అయిపోయింది బాబూ. నువ్వు అడిగితే తిరిగి ఇవ్వాలి, అది సముద్రధర్మం. తీసుకుంటావా?"

పిల్ల బెదిరిపోయి తల్లి కిందికి దూరింది. చీకట్లోంచి, "అమ్మా, ఉన్నాను, ఇక్కడున్నాను" అంది సన్నగా.

హేమాంగుడు చాలాసేపు నీళ్ళ వైపు చూశాడు. తీసుకుంటే అందరిలా మాట్లాడే మనిషి. తీసుకోకపోతే బతుకంతా ఈ మౌనమే. బూడిద అతని ముఖం చూసి, మెల్లగా నీటి అంచుకు జరిగి, పిల్ల తిమింగిలం తల పైకి రాగానే దాని ముక్కును ఒకసారి నాకింది.

చెంగలువ అది చూసింది. "ఆయన వద్దంటున్నారు. బిడ్డ దగ్గరే ఉంచుకో అమ్మా" అంది.

ఆమె చెప్పింది సరేనన్నట్టు హేమాంగుడు తలూపాడు. ఆ తర్వాత దారి పొడుగునా ఆమె పిల్లిని చూస్తూనే ఉంది. అది చెవి ఎటు తిప్పితే అటు చూసేది. అది అతని ముఖం ఎప్పుడు చూస్తే తనూ అప్పుడు చూసేది. ఏడు సముద్రాలు దాటేసరికి పిల్లిని చూడకుండానే అతనికి దాహమో, దిగులో చెప్పగలిగేది.

కంకణపురం గోలగా ఉంది. గొంతులు వచ్చిన రోజున నీలవేణి బావి దగ్గరికి పరుగెత్తి కేక వేసిందట. ఆనాడు రాని కేక. ఆపకుండా పొద్దుగూకేదాకా వేసిందట. ఇంకా అప్పుడప్పుడూ వేస్తూనే ఉంది.

కోట ద్వారం దగ్గర కొత్త భటుడు, "ఎవరయ్యా నువ్వు?" అన్నాడు. చిక్కి శల్యమై, ఒళ్ళంతా బరికె చారలతో, ఒంటికన్ను పిల్లితో నిలబడ్డ మనిషి జవాబు చెప్పలేదు. చెంగలువ చెప్పింది. దారిలో అతను సైగలతో తెలిపినదీ, తాను చూసినదీ మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. వింటూ వింటూ భటుడు ఈటె కింద పడేశాడు. ఊరు కదిలి వచ్చింది.

రాజ్యానికి మిగిలినవాడు అతనొక్కడే. ముహూర్తం పెట్టి, పట్టాభిషేకం, పెళ్ళి ఒక్కరోజునే చేశారు. పందిట్లో బూడిద తలంబ్రాల బుట్టలోకి ఎక్కి పడుకుంటే ఎవరూ అదిలించలేదు.

పురోహితుడు అన్ని మంత్రాలూ తానే చదివాడు. ఒకచోట ఆగిపోయాడు.

"ఇక్కడ పెళ్ళికొడుకే పలకాలి. ధర్మంలోనూ, అర్థంలోనూ, కామంలోనూ నిన్ను విడిచి నడవనని అమ్మాయికి మాట ఇవ్వాలి. ఇది నేను చెబితే చెల్లదు మహారాజా."

హేమాంగుడు నిలబడ్డాడు. పెదవులు కదిలాయి. అతను కష్టపడ్డాడు, మెడ నరాలు తేలాయి. ముందు వరసలో ముసలమ్మలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఒక్క అక్షరం రాలేదు. అతను తల దించుకున్నాడు.

"మాట లేనిదే పెళ్ళి ఎలా పూర్తవుతుంది?" అన్నాడు పురోహితుడు, తనకూ బాధగానే.

చెంగలువ తమ మధ్యనున్న తెరసెల్లా పక్కకు తీసింది. బుట్టలో నిద్రపోతున్న పిల్లి వైపు ఆమె చూడలేదు. అతన్నే చూస్తోంది.

"చెప్పారండీ" అంది. "నాకు వినబడింది. తాళి అందించండి."

బాజాలు మోగాయి.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ కంకణపురాన్ని తలలు నెరిసేదాకా ఏలారు. కథ సముద్రాలు దాటేసింది, ఇక మనం గడప దాటుదాం పదండి.